హరిత ఏడిస్తే మీరేం చేసేవారు?

అత్తమ్మా,

రేపటికి మీరు పోయి ఏడాది. ఇవాళ మీ మనవరాలిని బర్కత్‌పురలో ఒక థెరపిస్టుకు చూపించాం.

హరితకు మూడేళ్లప్పుడు మీరన్న మాట నాకింకా గుర్తుంది. "పిలిస్తే పలుకుతలేదు బిడ్డా, ఎవరికన్న చూపిద్దాం." నేను ఇంతెత్తున లేచాను. "నా బిడ్డకేం రోగం లేదు" అని నెల రోజులు మీతో మాట్లాడలేదు. మీరు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మేమిద్దరం ఆఫీసులకు పోతే, చిక్కడపల్లి ఇంట్లో నాలుగేళ్లు దాన్ని మీరొక్కరే చూసుకున్నారు.

మీరు పోయాక నారాయణగూడలో స్కూలువాళ్లు తమ వల్ల కాదన్నారు. ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే చాలు, చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకుంటోంది. ఆపబోతే నా చెయ్యి కొరుకుతోంది.

థెరపిస్టు చాలాసేపు చూసి ఆటిజం అని చెప్పింది. ముందే తీసుకొస్తే బాగుండేదని ఆమె అనలేదు, నేనే అనుకున్నాను.

"ఇన్నేండ్లు పాపను ఎవరు చూసుకున్నరమ్మా?" అని అడిగింది.

"మా అత్తమ్మ."

"ఒకసారి ఆమెను తీసుకరండి. పాప ఏడిస్తే ఏం చేస్తదో చూసి, మీక్కూడ అదే నేర్పిస్త."

మీరు లేరని మీ అబ్బాయే చెప్పాడు.

"అయ్యో. పోనీ, ఆమె ఏం చేస్తుండెనో మీకు యాదికుందా?" అని ఆమె నావైపు తిరిగింది.

సాయంత్రం నేనొచ్చేసరికి పిల్ల ఎప్పుడూ మీ పక్కన నిమ్మళంగానే ఉండేది. ఎలాగని నేను ఒక్కరోజు కూడా అడగలేదు అత్తమ్మా.