పీట మీద ఇద్దరూ ఉంటేనే

చంపాపేట్‌లో సొంత ఇంట్లో ఉంటున్న నేను, గుండగాని అండాలమ్మ, వయస్సు 69, కీ.శే. అంతయ్య భార్యను, రిటైర్డ్ కోర్టు టైపిస్టును, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉంది. అనుమానముంటే నా మేనల్లుడు యోగేందర్‌ని అడగండి. నేను పడుకున్నాననుకుని అతను వరండా కొలిచింది ఏ పండుగ రోజో కూడా చెప్పగలను.

ఇది రాయమన్నది నా పక్కింటి వకీలు జోగారావు గారు. వీలునామా కాపీ నా మేనకోడలు శ్రీకళ తన భర్త కోసం పెట్టిన వీసా ఫైలులో చేరిస్తే "ఫైలుకి బలం వస్తుందండీ" అన్నారు. అంటే నా చావు కోసం కాదు, ఆస్ట్రేలియా ఆఫీసరు చదవడం కోసం రాస్తున్నాను. ఆ సంగతి దాచడం నాకిష్టం లేదు. ఆఫీసరు గారు కూడా తెలుసుకునే చదవాలి.

1. నాకు పిల్లలు లేరు. నా తమ్ముడు మల్లేశం, అతని భార్య ఒకే ఏడు పోతే వాళ్ల పిల్లలు శ్రీకళను, యోగేందర్‌ను నేనే పెంచాను. చంపాపేట్ ఇల్లు నా స్వార్జితం. వీళ్లిద్దరికీ పుట్టిల్లు అదే.

2. శ్రీకళ మొదటి భర్తకు నా ఆస్తిలో గానీ, నా తలంపులో గానీ ఏ భాగమూ లేదు. అతని పేరు ఈ కాగితం మీదికి రానివ్వను. శ్రీకళ నర్సుగా వెళ్లి అక్కడి పౌరురాలైంది. ఆమె భర్తగా అతనూ వెళ్లాడు. పర్మనెంటు రెసిడెన్సీ చేతికొచ్చిన వారానికే సామాను సర్దుకున్నాడు. మాకు చెప్పలేదు ఆ పిచ్చిపిల్ల. పెళ్లయిన మూడో ఏడు ఒడిబియ్యానికి ఒక్కతే వచ్చింది. అతనికి లీవు దొరకలేదంది. మొగుడు కూర్చోవలసిన పక్క పీట ఖాళీగా ఉండగానే పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు ఆమె ఒడిలో పోశాను. నమ్మాను. ఆ తర్వాత ఎవరినీ నమ్మలేదు.

3. ఇప్పుడు శ్రీకళ రెండో పెళ్లికి ఒప్పుకున్న మీర్‌పేట్ జితేందర్ సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాడు. మొదటిసారి మా ఇంటికొచ్చి చాయ్ తాగుతూ అడిగిన మొదటి మాట పర్మనెంటు ఎన్నేళ్లకు వస్తుందని. వెనకటివాడూ ఇదే అడిగాడు. ఆ తర్వాత అతను వచ్చిన ప్రతిసారీ కనిపెట్టి చూశాను. చెప్పులు ఎక్కడ విడుస్తాడు, ఫోన్ ఎందుకు తిప్పి పెడతాడు, ఇంటి వైపు చూస్తాడా పిల్ల వైపు చూస్తాడా, అన్నీ. ఇద్దరూ దిగిన ఫోటోల్లో మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా ఉంది. శ్రీకళ మాత్రం నవ్వుతోంది. ఏళ్ల తర్వాత నవ్వుతోంది. అదే నా భయం.

ఆ దేశంలో ఒక మనిషి తన జీవితంలో రెండుసార్లకు మించి మొగుణ్నో పెళ్లాన్నో పిలిపించుకోవడానికి మామూలుగా వీల్లేదట. ఇది రెండోసారి. ఇదీ పోతే శ్రీకళ ఉద్యోగమన్నా వదలాలి, మనిషినన్నా వదలాలి.

4. జితేందర్ తల్లి సుక్కమ్మకు నా ఇత్తడి గంగాళం ఇస్తున్నాను. నిశ్చితార్థం నాడు నా చాయ్ నీళ్లలా ఉందన్నందుకు ఏమీ ఇవ్వకూడదనుకున్నాను. మనసు మారడానికి కారణం రాస్తాను.

ఫైలు కోసం ఆషాఢంలో రిజిస్టర్ పెళ్లయింది. అసలు పెళ్లి, పుస్తె కట్టేది, మాఘంలో. అప్పటిదాకా, లాంగ్ లీవు మీద వచ్చిన పిల్ల మా ఇంట్లో, అతను మీర్‌పేట్‌లో. మా రెండు ఇళ్లలోనూ అదే పద్ధతి. కార్తీకంలో ఆఫీసు నుంచి తెలుగు వచ్చిన మనిషి సుక్కమ్మకు ఫోన్ చేసి, మీ కొడుకు పెళ్లి ఎప్పుడైంది, కోడలు మీతోనే ఉంటుందా అని అడిగాడు. ఆమె చెప్పిన జవాబు ఇది: "పెండ్లింక ఎక్కడైంది సారూ? మాఘమాసంల ఉన్నది. పుస్తె పడకముందే పిల్లను ఇంట్ల ఎట్ల పెట్టుకుంటం?"

పెళ్లయిందని ఫైలు, కాలేదని తల్లి. ఇది నిజమైన పెళ్లేనా, సంజాయిషీ ఇవ్వండని ఉత్తరం వచ్చింది. శ్రీకళ రెండు రోజులు అన్నం ముట్టలేదు. సుక్కమ్మ కావాలనే చెడగొట్టిందని నేను, నేనే ఆఫీసుకు చాడీ చెప్పానని సుక్కమ్మ, ఒకరినొకరం అనుమానించుకున్నాం.

తర్వాత నిదానంగా ఆలోచించాను. నా ఉద్యోగమంతా ఎల్బీనగర్ కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేయడమే. నేర్పి తెచ్చిన సాక్షి తడుముకోడు, తేదీతో సహా అప్పజెబుతాడు. దొంగ పెళ్లే అయితే కొడుకు తల్లికి మొదట నేర్పేది పెళ్లయిందని చెప్పమనే. జితేందర్ ఏమీ నేర్పలేదు. నేర్పాలని కూడా అతనికి తోచలేదు. ఆఫీసరు గారూ, ఆ ఫోన్ నాకే వచ్చుంటే నేనూ అదే జవాబు చెప్పేదాన్ని. ఫోటోల్లో ఆ జాగా కూడా అందుకే. పుస్తె పడని పిల్ల భుజం మీద చెయ్యేస్తే సుక్కమ్మ ఊరుకోదు, నేనూ ఊరుకోను.

5. పై అంతస్తు శ్రీకళకు, జితేందర్‌కు ఉమ్మడిగా, సర్వహక్కులతో రాస్తున్నాను. షరతు ఒక్కటే. అప్లికేషన్ పెట్టిన రెండేళ్లకు గాని పర్మనెంటు సంగతి తేల్చరట. మా ఆచారం ప్రకారం పెళ్లయిన మూడో ఏడు ఒడిబియ్యం పోస్తాం. అప్పటికి అతనికి కావలసిందేదో అతని చేతిలో ఉంటుంది. ఆనాడు శ్రీకళ పక్క పీట మీద జితేందర్ కూర్చుంటేనే ఈ ఉమ్మడి హక్కు. పీట ఖాళీగా ఉంటే మొత్తం శ్రీకళదే.

ఈ షరతు తీసేయమని జోగారావు గారు బతిమాలారు, ఆఫీసరుకు అనుమానం వస్తుందట. తీయలేదు. ఉత్తుత్తి పెళ్లికి ఏ ఇంటి ముసలిదీ ఇంత కాపలా కాయదు.

6. కింది అంతస్తు యోగేందర్‌కు. అతను కొలిచింది అదే. నేను లేకపోతే అక్కకు ఒడిబియ్యం అతనే తన చేతులతో పోయాలి. ఆమె రాలేకపోతే బియ్యం, పసుపు, కుడుకలు, ఇద్దరికీ బట్టలు పట్టుకుని విమానం ఎక్కాలి. ఆ దేశంలో బియ్యం, కుడుకలు దిగనివ్వకపోతే అక్కడే కొనాలి. నెపాలు చెల్లవు. పోసినట్టు ఫోటో చూపించాకే తాళంచెవి.

7. నా టైపు మిషను జోగారావు గారికి. చాలా ఏళ్లుగా దాని మీద ఆయన కన్ను ఉంది. ఈ వీలునామా అమలు చేయవలసింది కూడా ఆయనే. సాక్షులకు ఏమీ ఇవ్వడం లేదు. ఇస్తే వాళ్ల సాక్ష్యానికి విలువ పోతుందని నాకు తెలుసు, వాళ్లకూ తెలియాలి.

8. మూడో ఏటికి నేను బతికుంటే ఒడిబియ్యం నేనే పోస్తాను, పక్క పీట నా కళ్లతోనే చూసుకుంటాను. లేకపోతే జోగారావు గారు చూసి రావాలి. జితేందర్, నీ మీద నా అనుమానం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. అది తప్పని తేలాలనే నేను కోరుకుంటున్నాను. ఆ రోజు వచ్చి ఆ పీట మీద కూర్చో బిడ్డా. పై అంతస్తు నీకు ఇవ్వాలనే రాశాను.

చదివించుకుని, సరేననుకుని, నా చేతితో సంతకం చేశాను.

చంపాపేట్, 24 నవంబర్ 2025

(సం.) గుండగాని అండాలమ్మ

సాక్షులు:
1. దశరథ, కిరాణా వ్యాపారం, చంపాపేట్
2. సంతోషి, టీచరు, సైదాబాద్