స్టేషన్ మాస్టారి ఒంటిమీద నువ్వల్లిన స్వెటర్

చెల్లీ, నేను కులాసా. కార్పొరేషన్ వాళ్ల వృద్ధుల హోమ్‌లో అక్కని ఎలా చూస్తున్నారో అని బెంగపడకు, ముందు ఇది చదువు.

తుంటి విరిగాక వాకర్ లేకుండా నేను ఒక్క అడుగూ వేయలేదని నీకు తెలుసుగా. ఫిజియో పిల్ల ఎంత బతిమాలినా భయంతో బిగుసుకుపోయేదాన్ని. నిన్న లాండ్రీలో మా అందరి బట్టలూ కలగాపులగం అయిపోయాయి. టీ వేళకి హాల్లో కూర్చుని చూద్దును కదా, ఎదుటి వరుసలో రిటైర్డ్ స్టేషన్ మాస్టారు నువ్వల్లిన ఊదారంగు స్వెటర్ తొడుక్కుని దర్జాగా టీ తాగుతున్నారు! నాకు ఒళ్లు మండిపోయింది. "అది మా చెల్లి అల్లింది, విప్పండి!" అంటూ చరచరా వెళ్లి అంచు పట్టుకుని గుంజాను.

"బండి కదిలాక దిగమంటే ఎలాగమ్మా?" అన్నారాయన.

హాలంతా ఒకటే చప్పట్లు. ఎందుకా అని వెనక్కి తిరిగితే, నా వాకర్ నేను కూర్చున్న కుర్చీ పక్కనే ఉండిపోయింది! ఫిజియో పిల్ల కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

మరిది దగ్గు తగ్గిందా? నా కుట్టుమిషన్‌కి నూనె వేస్తున్నావా? ఎర్ర దారం, సూదులు పంపు. ఇక్కడ అందరి బట్టల మీదా గుర్తులు కుడతానని మాటిచ్చాను. స్వెటర్ ఇంకా మాస్టారి దగ్గరే ఉంది. "రోజూ వేసుకోండి సార్" అని ఫిజియో పిల్లే ఆయన్ని ఒప్పించింది. ఇవాళ ఆయన కుర్చీని హాలు ఆ చివరికి జరిపించింది కూడా.

పిల్లలకీ మీ ఇద్దరికీ నా దీవెనలు. ఇక ఉంటాను, టీ గంట కొట్టారు, వెళ్లి గుంజాలి.

అక్క