కులెన్‌కి ఉప్పు చూసే చెయ్యి

అక్కా, దెసాంకా,

నీకు కోపం వస్తుందని తెలిసీ రాస్తున్నాను, ఆగలేను! రేపు మా ఇంట్లో పంది కోత. పొగబెట్టి ఎండేసే కులెన్ సాసేజి కోసం పేగుల్లో కూరే ముందు పచ్చి కైమా నోట్లో వేసుకుని ఉప్పు చూసేది ఈసారి నేనే! నిన్న మామయ్యగారు అందరి ముందూ, "ఈ ఏడు ఉప్పు విదా చూస్తుంది" అనేశారు. ఈ ఇంట్లో ఉప్పు చూడటమంటే ఇల్లు చేతిలో పెట్టడమే. పెళ్లయి ఇన్నేళ్లయినా నన్ను ఆ గిన్నె దగ్గరికి రానివ్వలేదు, "పరాయి నాలుక" అనేవారు. ఎవరికీ చెప్పలేదు గానీ, ప్రతి ఏడూ పేగులు కడుగుతూ ఏడ్చేదాన్ని.

ఇంతలో రేడియోలో మీ ఆరోగ్య శాఖ తరఫున నీ గొంతు! పక్క ఊళ్లలో జనం మంచాన పడ్డారనీ, పంది మాంసంలో కంటికి కనబడని పురుగుందనీ, పరీక్ష కాకుండా నోట పెట్టొద్దనీ. మామయ్యగారు రేడియో కట్టేసి, "మీ అక్కకి జీతమిచ్చేది జనాన్ని హడలగొట్టడానికా? మా తాత పచ్చిదే తిని తొంభై ఏళ్లు బతికాడు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మొన్న కోళ్ల జబ్బన్నారు, ఏమైంది? పశువుల డాక్టరుకి ముక్క పంపుతాంలే. కానీ జవాబొచ్చేదాకా కైమా ఆగదు కదా!

నీ చెల్లెలు
విదా

* * *

బంగారు అక్కా,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో. నిన్న గిన్నె నా ముందు పెట్టారు. ఎర్రగా, వెల్లుల్లి వాసనతో. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. ముద్ద తీసుకున్నాను, పెదాల దగ్గర ఆగిపోయింది. నీ గొంతే వినబడింది. రేడియో గొంతు కాదు, చిన్నప్పుడు బావి దగ్గర "విదా, ఆగవే!" అని అరిచేదానివే, అది.

"కాస్త వేయించి చూస్తాను మామయ్యగారూ."

"భయపడ్డావా?"

"భయపడ్డాను."

"అయితే లే అక్కణ్ణుంచి!"

ఎదురింటి మిలోరాద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మా ఆయన నేల చూపులు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మామయ్యగారే ముద్ద తీసుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టేసుకున్నాను అక్కా, మామగారి చెయ్యి! "జవాబొచ్చేదాకా ఆగండి. తర్వాత నన్ను పుట్టింటికి పంపినా సరే" అన్నాను. ఆయన విదిలించుకుంటుండగానే గేటు దగ్గర డాక్టరు మోటారు సైకిలు. దిగకుండానే అరిచాడు: "ఎవరూ నోట పెట్టలేదుగా? పురుగుంది!"

మామయ్యగారు మోచేతుల దాకా కడుక్కున్నారు, మళ్లీ కడుక్కున్నారు. ఏడాది మాంసమంతా తగలబెట్టించడానికి డాక్టరు పట్టుకుపోయాడు. మామయ్యగారు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. చివరికి, "వచ్చే ఏడూ ఉప్పు నువ్వేనమ్మా" అన్నారు.

అసలు సంగతి ఇప్పుడు విను. పొద్దుటి నుంచి మామయ్యగారు ఇంటి పట్టున లేరు. ఊళ్లో ప్రతి గుమ్మం ఎక్కి, పురుగు వేలెడంత ఉంటుందనీ, లోపల్నుంచి మనిషి కళ్లు తినేస్తుందనీ చెబుతున్నారు! మిలోరాద్ పెళ్లాం భయపడి ఉడికించిన గుడ్లు కూడా పారేసిందట. "కాస్త నెమ్మదిగా చెప్పండి మామయ్యగారూ" అని బతిమాలాను.

"నెమ్మదిగా చెబితే మనం విన్నామా?" అన్నారు.

దీనికి జవాబు నీకు తోస్తే రాయి.

నిన్ను చూసి నవ్విన నీ చెల్లెలు
విదా