మెడ గీకని గొట్టాలు

ఫిబ్రవరి 3, 1987. లూయిస్‌టౌన్, మోంటానా.

ఇవాళ ఇరవై అయ్యాయి. థర్టీ ఆట్ సిక్స్ అనే మామూలు రకం రైఫిల్లో పేలిన ఖాళీ ఇత్తడి గొట్టాలను డై అనే ఉక్కు అచ్చులో నొక్కి, పొడవు కోసి, నాన్న వదిలిపోయిన అర్జెంటీనా మౌజర్ రైఫిల్‌కి సరిపోయేలా మార్చాను. దాని తూటాలు ఇక్కడ ఏ కొట్టులోనూ దొరకవు. సీసం గుళ్లు కూడా నేనే పోశాను. తమ్ముడు హార్లన్ వచ్చి కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నీ చేతుల్లో ఏదో మహిమ ఉందే అక్కా అన్నాడు. పొంగిపోయాను. వెళ్తూ, ఈ పద్ధతంతా రాసుకున్న నా నోట్‌బుక్ రెండు రోజులకి అడిగితే ఇచ్చేశాను.

మార్చి 11

నోట్‌బుక్ ఇంకా తేలేదు. ట్రక్కులో ఉందట.

ఏప్రిల్ 20, మధ్యాహ్నం

షూటింగ్ క్లబ్బు బులెటిన్ వచ్చింది. నాలుగో పేజీలో వ్యాసం, హార్లన్ ఎక్‌స్ట్రాండ్ పేరుతో. వాక్యాలన్నీ నావి. ఇత్తడి మొండికేస్తే బలం వాడకు, నూనె వాడు అన్నది కూడా. జన్మలో గొట్టాలు నొక్కే ప్రెస్ పిడి పట్టుకోనివాడు! తోడబుట్టినవాడే ఇంత పని చేస్తే ఇంకెవరిని అనాలి?

సాయంత్రం 5

మళ్లీ చదివాను. గొట్టం మెడ, అదే గుండు కూర్చునే చోటు, గీకడం గురించి లేదు. గొట్టాన్ని పొట్టి చేస్తే కొత్త మెడ దళసరిగా వస్తుంది. లోపల రీమర్ అనే పనిముట్టుతో గీకాలి. లేకపోతే గుండు బిగుసుకుపోయి, ఒత్తిడి పెరిగి, రైఫిల్ మొహం మీదే పగలొచ్చు. అది నేను నోట్‌బుక్‌లో రాయలేదు. బూట్ల లేసులు కట్టుకోవడం ఎవరైనా రాసుకుంటారా?

ఏప్రిల్ 21

హార్లన్‌కి ఫోన్ చేశాను. నవ్వాడు. ఆడదాని పేరు పెడితే ఎవడు చదువుతాడే అక్కా అన్నాడు. మెడ సంగతి చెప్పాను. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే క్లబ్బులో నా పరువేం కాను అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

బులెటిన్ ఎడిటర్ గస్ మెల్‌బీకి చేశాను. రాసినవాడే సవరణ పంపితే వేస్తాం, మీ అక్కాతమ్ముళ్ల గొడవలోకి మమ్మల్ని లాగకమ్మా అన్నాడు. మే 9న క్లబ్బు షూటింగ్ పోటీ. ఆరుగురు హార్లన్ పద్ధతిలోనే గొట్టాలు చేసుకుంటున్నారట.

ఏప్రిల్ 24

మూడు రోజులు ఊరుకున్నాను. ఎవడి రైఫిలో పగిలితే పగలనీ, హార్లన్ బండారం బయటపడుతుంది అనుకున్నాను. అలా అనుకున్నది నేనే.

ఏప్రిల్ 25

సవరణ టైపు చేసి గస్‌కి పోస్టు చేశాను. కింద హార్లన్ సంతకం నేనే పెట్టాను. స్కూల్లో వాడి ప్రోగ్రెస్ కార్డుల మీద నాన్న సంతకం కూడా నేనే పెట్టేదాన్ని.