వడిసెల పట్టిన చేతులు

పెన్‌పహాడ్, 1948 వేసవి

ప్రియమైన నాయినకు జంగమ్మ దండాలు పెట్టి రాస్తున్నాను.

ఈ ఉత్తరం గాజులమ్మే సైదులు చేతికిస్తున్నాను. చదివి పొయ్యిలో పడెయ్యి. మేము సర్కారుకు లెవీ ధాన్యం ఇవ్వలేదని నీ దొర కక్ష కట్టాడు. మగవాళ్ళంతా గుట్టలు పట్టారు, నీ అల్లుడు కూడా. ఊరి కావలి ఇప్పుడు ఆడవాళ్ళదే. కోదాడ నుంచి చంద్రయ్య అనే దళం పెద్ద వచ్చి మాకు రెండు పిస్తోళ్ళు, గుప్పెడు తూటాలు ఇచ్చాడు.

ఏం లాభం? జొన్నచేలో వడిసెల తిప్పి పిట్టను రాల్చే కాటమ్మ, పిస్తోలు పడితే గోడకు కూడా తగిలించలేకపోతోంది. నాదీ అదే గతి. తూటా పైకి పోతోంది. షికారుకు దొర వెంట తుపాకి మోసేవాడివి, నీకు తెలియనిది ఏముంది? దొర మనిషిని అడగొద్దని అందరూ అంటున్నారు. నువ్వు ముందు నాకు నాయినవి. దొర గూండాలు ఊరి మీదికి వచ్చేలోపు మాకు చేతకాకపోతే ఊరు మిగలదు.

నీ బిడ్డ,
జంగమ్మ

వేములపల్లి

ప్రియమైన బిడ్డకు,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. పిస్తోలు పట్టే చెయ్యా అది? వద్దంటే వినవు, అంతా మీ అమ్మ మొండితనం. విననిదానికి సరిగ్గా నేర్పడమే మేలు.

మీ తప్పు నాకు ఇక్కడికే కనబడుతోంది. వడిసెల రాయి వదిలేటప్పుడు మణికట్టు విసురుతారు. పిస్తోలునూ అట్లాగే విసురుతున్నారు. రాయికి ఆ విసురు కావాలి, తూటాకు అక్కర్లేదు. తూటాలన్నీ తీసి దాచెయ్యండి. ఖాళీ పిస్తోలు గొట్టం మీద చింతగింజ పెట్టి, అది కింద పడకుండా మీట నొక్కండి. పాలు పిండినట్టు మెల్లగా నొక్కాలి. గింజ నిలిచేదాకా ఒక్క తూటా కూడా పేల్చవద్దు.

ఇంకో మాట. గురి ఛాతీకే పెట్టాలి. మొహం చూశారంటే చెయ్యి ఆగిపోతుంది.

నీ మేలు కోరే నాయిన,
అచ్చయ్య

పెన్‌పహాడ్

ప్రియమైన నాయినా,

నీ మాట చెబితే చంద్రయ్య నవ్వాడు. "తూటా లేకుండా పిస్తోలు నేర్చుకోవడమేందమ్మా? ఆయన దొర ఉప్పు తినేవాడు. వాళ్ళొచ్చేదాకా మీతో గింజలాట ఆడించాలని చూస్తున్నాడు" అన్నాడు. మిగతావాళ్ళు కూడా నావైపు అదోలా చూశారు. కాటమ్మ ఒక్కతే "జర జేసి సూద్దాం తియ్. నాయిన బిడ్డను మోసం జేస్తడా?" అంది.

నిజం చెబుతున్నా, నాకే అనుమానం వచ్చింది. సిగ్గు విడిచి అడుగుతున్నాను నాయినా. ఆ మాట మా కోసం చెప్పావా, దొర కోసం చెప్పావా? జవాబు వచ్చేదాకా గింజలతోనే చేస్తుంటాం.

నిద్ర పట్టని నీ బిడ్డ,
జంగమ్మ

వేములపల్లి

బిడ్డా,

ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. దొర ఉప్పు తిన్నమాట నిజమే. నీ ప్రాణం కంటే ఆ ఉప్పు నాకు ఎక్కువ కాదు. గింజ నిలిచిందా? నిలిస్తే ఆ చంద్రయ్యను పక్కన నిలబెట్టుకొని తూటా పేల్చి చూపించు.

ఇక్కడ బాగాలేదు. మీ అమ్మను వడ్లు దంచాలని దొర గడీకి పిలిపించారు, మళ్ళీ ఇంటికి పంపలేదు. పోయి అడిగితే దొర "నేను జెప్పిన పని జెయ్, ఆమె ఇంటికొస్తది" అన్నాడు. ఏం పనో చెప్పలేదు. తుపాకి తుడిచి పెట్టుకోమన్నాడు.

వాళ్ళు వచ్చిన నాడు ముందు ఎవరున్నా సరే, నేను చెప్పినట్టే చెయ్యండి.

మీ నాయిన,
అచ్చయ్య

మిర్యాలగూడ దవాఖాన

ప్రియమైన జంగమ్మకు,

బతికే ఉన్నాను, పరేషాన్ కావద్దు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. మీ అమ్మ ఇల్లు చేరింది, ఇప్పుడు నా పక్కనే కూర్చొని నన్నే తిడుతోంది.

నన్ను ముందు నడిపిస్తే మీరు కాల్చరని దొర లెక్క. మీ ఊరి మీద తుపాకి ఎత్తేవాణ్ని కాదు బిడ్డా, అది నువ్వు నమ్మితే చాలు. నేను పడగానే మీ తూటాలకు వెనకవాళ్ళు వచ్చిన దారినే పరుగెత్తారు. తుపాకి తుడుస్తుంటే పేలిందని డాక్టరుకు చెప్పాను.

ఎవరు కొట్టారని అడగను. కానీ ఛాతీకి అని నెత్తీనోరూ కొట్టుకొని చెబితే కాలికి తగిలించడమేమిటి? అదీ అంత దగ్గర నుంచి. ఆమె ఎవరో గానీ గురి ఇంకా కుదరలేదు. నువ్వే దగ్గరుండి నేర్పు.

మంచం మీది నుంచి,
నీ నాయిన

పెన్‌పహాడ్

నాయినా,

నిన్ను కొట్టింది నేనే.

చీకటి పడుతున్నా నీ నడక చూడగానే గుర్తుపట్టాను. నా పక్కన కాటమ్మ పిస్తోలు అప్పటికే నీ ఛాతీ మీదుంది. ఆమె నిన్నెప్పుడూ చూడలేదు. ఇప్పుడామె గురి తప్పదు, నువ్వు నేర్పిందే. ఆగమని అరిస్తే మేమెక్కడున్నామో తెలిసి మమ్మల్నందరినీ అక్కడే చంపేవాళ్ళు. నువ్వు పడిపోతే ఆమె ఇంకొకడి వైపు తిరుగుతుంది. నాకు తోచింది అదొక్కటే. నీ మోకాలి కింద చూసి మీట నొక్కాను.

"అంత దగ్గరోణ్ణి చంపలేకపోయావు, నీ చెయ్యి వణికింది" అని చంద్రయ్య అందరి ముందూ పిస్తోలు తీసేసుకున్నాడు. ఔను, వణికిందని ఒప్పుకున్నాను. దొర మనిషిని కావాలని బతికించానని తెలిస్తే ఈ ఊళ్ళో నాకు చోటుండదు. ఇప్పుడు కావలి వాళ్ళకు నీళ్ళు మోస్తున్నాను.

నీ కాలు తీసినదాన్ని. తిట్టు, చూడడానికి వస్తే వెళ్ళగొట్టు, పడతాను. గురి కుదరలేదని మాత్రం అనకు.

నీ బిడ్డ,
జంగమ్మ