వదలని బంతి

2023 జనవరి 12, గోవా

రేపు బెంగళూరు జట్టుతో మ్యాచ్. ఇది నా మూడో ఫుట్‌బాల్ క్లబ్. కోల్‌కతాలో నాలుగేళ్లూ బెంచ్ మీదే గడిచాయి. కోజికోడ్‌లో రెండేళ్లకి కలిపి ఆడింది పదకొండు మ్యాచ్‌లు. ముప్ఫై ఒకటో ఏట ఇక్కడ జట్టులో మొదటి గోల్‌కీపర్‌నయ్యాను. జెర్సీ వెనక దుర్గారావు, కింద 1. ఫొటో తీసి మా ఆవిడ సుధారాణికి పంపాను. విశాఖ జాలారిపేటలో మా అమ్మ దాన్ని వీధంతా చూపిస్తోందట.

మధ్యాహ్నం హోటల్ లాబీలో అవతలి జట్టు కొత్త ఫార్వర్డ్ తెలుగులో పలకరించాడు. పేరు నవీన్, ఇరవై రెండేళ్లు. "మాది ఎలమంచిలన్నా. మద్దిలపాలెం టోర్నమెంట్లో నువ్వు కీపింగ్ సేత్తంటే గోడెక్కి సూసినాను" అన్నాడు. మన వైపు మాట విని ఎన్నాళ్లయిందో. అరగంట కూర్చున్నాం. రేపు గోల్ కొట్టనివ్వనని చెప్పాను. నవ్వాడు.

జనవరి 14, పొద్దున 6

నిద్ర లేదు. రాస్తే బరువు దిగుతుందేమో.

అరవై మూడో నిమిషం. మా డిఫెండర్ల వెనక పొడుగు పాస్ పడింది. నవీన్ పరిగెత్తాడు. నేను గోల్ వదిలి బయటికొచ్చాను. "కీపర్" అని అరిచాను. ఆ కేక అందరూ తప్పుకోవడానికి. అతను విన్నాడో లేదో. హెడ్ చేయడానికి తల ముందుకు పెట్టాడు. నేను మోకాలు ముడిచి ఎగిరాను, పద్నాలుగేళ్లుగా ఎగురుతున్నట్టే. బంతి చేతుల్లోకి వచ్చింది. మోకాలు అతని కణతకి తగిలింది.

ఆ చప్పుడు గురించి రాయను.

కింద పడ్డాక కూడా బంతిని గుండెకి అదుముకునే ఉన్నాను. రిఫరీ ఫౌల్ ఇవ్వలేదు. స్ట్రెచర్ రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. తర్వాత ఆట సాగింది, నేనూ ఆడాను. ఒకటి-సున్నాతో గెలిచాం. నాకు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఇచ్చారు. చేతులు చాపి తీసుకున్నాను.

జనవరి 15

నవీన్ తలకి ఆపరేషన్ అయింది. ఐసీయూ బయట వాళ్ల మేనేజర్ నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపొమ్మన్నాడు. నవీన్ వాళ్లమ్మ దారిలో ఉందట. వచ్చేసరికి నేను అక్కడ కనబడకపోతే మంచిదట.

లిఫ్ట్ కోసం ఆగలేక మెట్లు దిగేశాను.

ఫిబ్రవరి 4

నవీన్ కళ్లు తెరిచాడు.

మార్చి 9

రెండు గోల్స్. రెండూ నేను ముందుకెళ్లి పట్టాల్సిన బంతులే. కాళ్లు గోల్ లైన్ దాటలేదు. భయం అందామంటే గుండె కూడా వేగంగా కొట్టుకోలేదు. వెళ్లమని చెప్తాను, కాళ్లు వినవు. అంతే.

కోచ్ వీడియో ఆపి, నువ్వెక్కడున్నావని మూడుసార్లు అడిగాడు. అందరూ నేల చూశారు. సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ మంచిది. తప్పు నాది కాదంది. అది నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం లేదు.

మే 31

క్లబ్ నుంచి రిలీజ్ చేశారు. మెయిల్‌లో రెండు లైన్లు.

2023 నవంబర్ 18, షిల్లాంగ్

నాలుగో క్లబ్. ఇక్కడెవరికీ ఏమీ చెప్పలేదు. ప్రాక్టీస్‌లో బాగానే ఉంటాను. మ్యాచ్‌లో కాదు. ఇవాళ కార్నర్ కిక్‌కి మా డిఫెండరే బంతి అందుకోవడానికి వెళ్లమని నన్ను వెనక నుంచి తోశాడు. వెళ్లలేదు. గోల్.

హాఫ్ టైమ్‌లో గ్లవ్స్ విప్పేసి, ఇంకొకరిని దింపమని నేనే అడిగాను. కోచ్ కాదనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

2024 ఫిబ్రవరి 20, విశాఖ

నెల నుంచి ఇంట్లోనే. ఆట మానేశానని నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. అమ్మ పూర్ణా మార్కెట్‌లో చేపలమ్మి వచ్చి, గిన్నె దించి, నా పక్కన కూలబడింది. "ఎన్నాళ్లిలాగ గోడకేసి సూత్తావురా. ఆ పిల్లోడి ఊరేటి దూరమా. ఎల్లి ఆలమ్మకి కనపడు" అంది.

సుధారాణి ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది.

ఫిబ్రవరి 22

ఎలమంచిలి వెళ్లాను.

నవీన్ అరుగు మీద ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. కుడి కాలు ఈడుస్తాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య చాలా ఎడం. నన్ను చూసి సంతోషపడ్డాడు. ఆ రెండు రోజులూ అతనికి గుర్తు లేవు, లాబీలో మా కబుర్లు కూడా. వీడియో చూసి తెలుసుకున్నాడట. క్యాచ్ బాగా పట్టానన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. ఎటు చూడాలో తెలియలేదు.

వాళ్లమ్మ నారాయణమ్మ గారు మంచినీళ్లు ఇచ్చారు. నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చారు.

"నానూ సూసినాను బాబూ ఆ వీడియో. నా కొడుకు నేల మీద కొట్టుకుంటన్నాడు. నువ్వు బంతి ఒగ్గీలేదు. ఎందుకొగ్గీలేదు?"

కోపంగా అడగలేదు. ఏడాదిగా తెలుసుకోవాలనుకున్న సంగతి అడిగినట్టు అడిగారు.

పద్నాలుగేళ్లు నాకు నేర్పింది బంతి వదలకపోవడం ఒక్కటేనని ఆ తల్లికి ఎలా చెప్పను? ఆవిడ అరుగు మీది గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

మార్చి 3

నవీన్ వాయిస్ మెసేజ్. "అన్నా... ఎడం కాలు బానే ఉంది. ఒకసారి... గోల్లో నిలబడతావేటి." మొన్న వచ్చింది. ఎన్నిసార్లు విన్నానో. ఇవాళ సరేనన్నాను.

మార్చి 10, ఎలమంచిలి

కాలేజీ గ్రౌండ్. నారాయణమ్మ గారు గట్టు మీద కూర్చున్నారు. నేను గోల్లో నిలబడ్డాను. నవీన్ ఎడం కాలితో కొట్టాడు. బంతి సగం దూరం వచ్చి ఆగిపోయింది. తెద్దామని లైన్ దాటి కదిలాను. రావద్దని చెయ్యి ఊపాడు. తనే నడిచి వచ్చాడు. చాలాసేపు పట్టింది. మళ్లీ కొట్టాడు.