వేల్స్ ఒడ్డున ఉన్న అన్నకు

రఘుపతన్నా,

నీ ఉత్తరం అందింది. వేల్స్ దేశంల సముద్రం ఒడ్డు ఇసుక పట్టోలె మెత్తగున్నదని, దోస్తులతోటి అండ్ల పొర్లినమని రెండు కాయిదాలు నింపినవు. ఐలేశం చచ్చిపోయిండని నేను రాస్తే, దానికి మాత్రం "పాపం, మంచోడు" అని ఒక్క మాట.

నిన్ను భుజాల మీద మోసి పెంచిన గొల్ల ఐలేశం ఎట్ల చచ్చిండో నీకు రాయలేదు. ఇప్పుడు విను. నిరుడు రజాకార్లకు పలావు పెట్టిన నాయిన, పోలీసు యాక్షన్ అయినంక ఖద్దరు టోపీ పెట్టుకొని మిలిటరీకి పెడుతుండు. దొరల మీద కొట్లాడే సంఘపోళ్లకు సల్ల పోసిండని మిలిటరోళ్లు ఐలేశంను మన వాకిట్లకు గుంజుకొచ్చిండ్రు.

"దొరా, నేనెసొంటోణ్ణో జర చెప్పుండ్రి" అని మొత్తుకున్నడు.

నాయిన వక్క నములుకుంట, "వీడే" అన్నడు.

వాగుల నిలవెట్టి కాల్చిండ్రు, మిద్దె మీదికెళ్లి చూసిన. కాల్చొచ్చినోళ్లు మనింట్లనే చేతులు కడుక్కొని తిన్నరు.

దేవరకొండకు పెద్దాఫీసరు విచారణకు వస్తే, పారిపోతుంటే కాల్చిండ్రని నన్ను చెప్పుమన్నడు నాయిన. నేను ఐలేశం పెండ్లాం గుర్వమ్మను ఎంబడి తీసుకపోయి, కండ్లార చూసింది చెప్పిన. ఆఫీసరు రాసుకున్నడు. ఏమైతదో తెల్వదు. నాయిన నన్ను ఇంట్లకు రానియ్యలే. గుర్వమ్మ గుడిసెల ఉంటున్న, ఆమెతోటి మంద కాడికి పోతున్న.

ఉత్తరం ఆఖరుకు "నాయిన మాట విను" అని రాసినవు గదా. ఆ ఇంటి బువ్వ ఇగ నా గొంతు దిగదు. నీకు దిగుతదంటే వచ్చి తిను.

నీ చెల్లె